మానసిక వైద్యుల నిరంతర విద్య: గంటల లెక్క, కొండగట్టు ప్రశ్న

కొండగట్టు అంజన్న దగ్గరికి మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవాళ్లు, దీక్ష విరమించడానికి వచ్చేవాళ్లు వేలల్లో ఉంటారు. వాళ్ల మధ్యనే ఇంకో రకం కుటుంబాలు కనిపిస్తాయి. మతి చలించిన మనిషి చెయ్యి వదలకుండా పట్టుకొని మెట్లెక్కే తల్లులు, అన్నదమ్ములు. 41 రోజులు కొండ మీదే ఉండి ప్రదక్షిణలు చేస్తే నయమవుతుందని తరతరాల నమ్మకం. హనుమంతుడు సంజీవని పర్వతాన్ని మోసుకెళ్తుంటే విరిగిపడ్డ ముక్కే ఈ కొండ అని స్థలపురాణం చెబుతుంది. మందు మొక్క పేరుతోనే మొదలైన చోటికి జనం జబ్బు తగ్గాలని రావడంలో వింతేమీ లేదు.

ఆ కుటుంబం ముందో వెనకో జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఒక మానసిక వైద్యుడి గది ముందు కూడా కూర్చుంటుంది. ఆ వైద్యుడు ఎం.డి. పట్టా పుచ్చుకొని పదిహేను, ఇరవై ఏళ్లయి ఉండవచ్చు. ఈలోగా జబ్బుల వర్గీకరణ మారింది, చట్టం మారింది, మందుల గురించి తెలిసింది మారింది, రోగి బతుకూ మారింది. ఇవన్నీ ఆయన ఎక్కడ నేర్చుకున్నాడు? ఎవరి దగ్గర, ఎవరి ఖర్చుతో? నిరంతర వైద్య విద్య గురించిన చర్చ దేశంలో పాతికేళ్లుగా సాగుతున్నా క్రెడిట్ గంటల చుట్టూనే చిక్కుపడింది. ఆ చిక్కు ఎలా పడిందో, ఎన్ని రకాల వాదాలున్నాయో, ఏవి తేలలేదో ఈ ప్రాంతం వైపు నుంచి చూడటం అవసరం.

చదువు ఒకసారి చాలన్న కాలం

భారత మానసిక వైద్యుల సంఘం 1947లో పుట్టింది. అంతకు ఏడాది ముందే, దేశ ఆరోగ్య సేవలను పరిశీలించిన భోర్ కమిటీ దేశంలో మానసిక వైద్యం ఎంత వెనకబడి ఉందో చెప్పింది. బెంగళూరులో 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. అదే 1974లో నిమ్హాన్స్ అయింది. మన దగ్గర నిజాం కాలంలో జాల్నాలో ఉన్న పిచ్చాసుపత్రి 1950లలో హైదరాబాద్ ఎర్రగడ్డకు మారింది. ఆ ఊరి పేరే తెలుగువాళ్ల నోట తిట్టుగా మారిపోయింది. ఆ తిట్టు భయమే ఎన్నో కుటుంబాలను దవాఖానకు దూరంగా ఉంచింది కాబట్టి దీన్ని మాటవరసకు చెప్పడం లేదు.

ఆ తరం వైద్యుడికి నేర్చుకోవడం అంటే ఆసుపత్రి లోపలి వ్యవహారం. పెద్ద వైద్యుడి వెంట వార్డులో తిరగడం, పత్రిక చదవడం, ఏడాదికోసారి సంఘం సమావేశానికి వెళ్లడం. మందులు కొద్ది. రోగి గోడల లోపలే ఉంటాడు. ఆ లెక్క తప్పింది వైద్యం గోడలు దాటినప్పుడు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న బళ్లారి జిల్లాలో నిమ్హాన్స్ 1980లలో చేసిన ప్రయోగం ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. తొలి విడతలో దేశం మొత్తం మీద తీసుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. అప్పటినుంచి జిల్లా మానసిక వైద్యుడు రోగిని చూడటంతో పాటు ప్రాథమిక కేంద్రాల డాక్టర్లకు, నర్సులకు పాఠం చెప్పవలసినవాడు కూడా అయ్యాడు. ఆ పాఠం చెప్పేవాడికి పాఠం ఎవరు చెబుతారన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

గంటల బాట

2002లో భారత వైద్య మండలి వృత్తి నియమావళి ఒక అంకె వేసింది: ప్రతి ఐదేళ్లలో కనీసం 30 గంటల నిరంతర విద్య. అంటే ఏడాదికి ఆరు గంటలు. ఒక ఆదివారం సదస్సుకు వెళ్లి భోజనం చేసి వస్తే ఏడాది చదువు పూర్తయినట్టే. బ్రిటన్‌లో రాయల్ కాలేజీ మానసిక వైద్యుల నుంచి ఏడాదికి 50 గంటలు అడుగుతుంది. ఆ గంటలు ఎలా వాడుకోవాలో కొద్దిమంది తోటి వైద్యుల బృందం కూర్చొని మాట్లాడుకుంటుంది. 2012 డిసెంబర్ నుంచి అక్కడ ఐదేళ్లకోసారి వైద్యుడి అర్హతను మళ్లీ ధ్రువీకరించే పద్ధతి కూడా ఉంది. అమెరికాలో 1994 నుంచి మానసిక వైద్య బోర్డు ధ్రువపత్రానికి పదేళ్ల గడువు పెట్టి తిరిగి పరీక్ష అన్నది. వైద్యుల నుంచి తీవ్రమైన వ్యతిరేకత వచ్చాక, ఎంపిక చేసిన పరిశోధనా వ్యాసాలు చదివి ప్రశ్నలకు జవాబులిచ్చే ప్రత్యామ్నాయం తెచ్చారు.

గంటల పద్ధతిని సమర్థించేవాళ్ల మాటలో బలం ఉంది. ఏ లెక్కా లేకపోతే ఎవరూ కదలరు. కనీసం గదిలోకి రప్పిస్తే చెవిన పడేది పడుతుంది. కానీ పరిశోధన చెప్పేది వేరు. ఉపన్యాసం ఒక్కటే వైద్యుడి ఆచరణను మార్చదని, కేసుల మీద చర్చ, అభ్యాసం కలిస్తేనే మార్పు కనిపిస్తుందని డేవ్ డేవిస్ బృందం 1999లోనే జామా పత్రికలో చూపింది. కోక్రేన్ సంస్థ 2009లో 81 ప్రయోగాలను కలిపి చూస్తే, విద్యా సమావేశాల వల్ల వైద్యుల ఆచరణలో వచ్చిన మెరుగు సుమారు 6 శాతం. అది సున్నా కాదు. అలాగని దాన్నే నమ్ముకొని కూర్చోవడానికీ చాలదు.

జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నియమావళి ప్రకటించి నిరంతర విద్యను మళ్లీ గట్టిగా చెప్పింది. మూడు వారాలకే దాన్ని నిలిపివేసింది. పాత 2002 నిబంధనలే మళ్లీ అమల్లోకి వచ్చాయి.

ఎవరి ఖర్చుతో

2023 నియమావళి మీద వైద్యులు లేవనెత్తిన అభ్యంతరాల్లో ఒకటి ఇదే: మందుల కంపెనీల డబ్బు ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ఉన్న సదస్సుల్లో వైద్యులు పాల్గొనకూడదన్న నిబంధన. చర్చ అసలు ముడి ఇక్కడే ఉంది.

ఒక వర్గం వాదన సూటిగా ఉంటుంది. మనోవ్యాధి మందులు చాలావరకు నెలల తరబడి, ఏళ్ల తరబడి వాడవలసినవి. వాటిని అమ్మేవాడే పాఠం ఏర్పాటు చేస్తే, ఏ మందు ఎప్పుడు ఆపాలన్న పాఠం ఎప్పటికీ రాదు. కొత్త మందు ఎలా మొదలుపెట్టాలో చెప్పే ఉపన్యాసాలు దండిగా ఉంటాయి. పాతికేళ్లుగా మూడు రకాల మాత్రలు మింగుతున్న ముసలాయనకు వాటిని ఎలా తగ్గించాలో చెప్పేది ఒక్కటీ ఉండదు. రెండో వర్గం అంటుంది: మరి ఖర్చు ఎవరు పెడతారు? ప్రభుత్వం పెట్టదు, విశ్వవిద్యాలయం పెట్టదు, జిల్లాలో ఒంటరిగా పనిచేసే వైద్యుడి జీతంలో ప్రతి ఏటా ప్రయాణం, బస, ఫీజు ఇమడవు. కంపెనీలను తప్పిస్తే సదస్సులే తగ్గిపోతాయి.

2024 మార్చిలో కేంద్రం తెచ్చిన ఏకరూప మార్కెటింగ్ నియమావళి వైద్యులకు కానుకలను, విదేశీ విహారాలను నిషేధించింది. కంపెనీలు సదస్సులకు డబ్బు ఇవ్వడాన్ని మాత్రం కొన్ని షరతులతో ఉంచింది. ఇది మధ్యేమార్గమే. అయితే మందు మానేయడం గురించి ఎవరు పాఠం చెబుతారన్న ప్రశ్నకు ఇది జవాబు ఇవ్వదు. నా అంచనాలో మానసిక వైద్యంలో ఈ ఒక్క ఖాళీ నింపగలిగేది ప్రజాధనమే.

కేసు నుంచి నేర్చుకునే బాట

న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో సంజీవ్ అరోరా 2003లో కాలేయ వ్యాధుల కోసం మొదలుపెట్టిన ఎకో పద్ధతి దారి మార్చింది. దూరంగా ఉన్న వైద్యులు వారానికోసారి తెర ముందు కూర్చుంటారు. తమ దగ్గరున్న రోగి కథ చెబుతారు. కేంద్రంలోని నిపుణులు, మిగతా వైద్యులు దాన్ని కలిసి చర్చిస్తారు. అందరూ ఒకరి రోగి నుంచి ఒకరు నేర్చుకుంటారు. నిమ్హాన్స్ ఈ పద్ధతిని తీసుకొని మత్తు వ్యసనాలు, మానసిక ఆరోగ్యం మీద ఇలాంటి ఆన్‌లైన్ తరగతులు నడుపుతోంది. డిజిటల్ అకాడమీ కూడా పెట్టింది.

ఇందులో గొప్పదనం ఒకటే: పాఠ్యాంశం రోగితో మొదలవుతుంది. బలహీనత కూడా అక్కడే ఉంది. ఓపీలో రోగుల వరస చూసుకొని, మధ్యాహ్నం జైలుకో బాలసదనానికో వెళ్లివచ్చి, సాయంత్రం తెర ముందు కూర్చునే ఓపిక ఎంతమందికి మిగులుతుంది? 2019లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చిన అంచనా ప్రకారం దేశంలో లక్ష మందికి 0.75 మంది మానసిక వైద్యులు. కావలసినది కనీసం ముగ్గురు. జిల్లాలో ఉన్న ఒక్కరిద్దరూ చదువుకోవడానికి కూర్చుంటే రోగిని చూసేదెవరు? ఈ ప్రశ్న వేసేవాళ్లను సోమరులని తీసిపారేయడం తప్పు. ఈ తరగతి డ్యూటీ సమయంలో భాగం కావాలి. డ్యూటీ తర్వాత మిగిలిన తీరికలో కాదు.

గుడి, దవాఖాన

చర్చలో అందరికంటే నెమ్మదిగా మాట్లాడే వర్గం ఒకటుంది. వైద్యుడు నేర్చుకోవలసింది రోగి వచ్చిన దారి నుంచి కూడా అని వీళ్లంటారు. నిమ్హాన్స్‌కు చెందిన రఘురామ్ బృందం తమిళనాడులోని ఒక గుడిలో బస చేసిన 31 మంది రోగులను గమనించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది. సగటున ఐదారు వారాల బసలో, మందుల ప్రమేయం లేకుండానే, వాళ్ల లక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గింది. తిట్టని, తరమని, పని చెప్పి కలుపుకునే ఆ వాతావరణమే కారణం కావచ్చని వాళ్లు రాశారు. కొండగట్టు 41 రోజులూ దాదాపు అంతే కాలం.

ఈ వాదానికి ఎదురు నిలిచే పేరు ఎర్వాడి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ దర్గా దగ్గరి ఆశ్రమంలో మంటలు లేస్తే గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది పారిపోలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 95వ సెక్షన్‌లో రోగిని గొలుసులతో కట్టడాన్ని ఏ రూపంలోనైనా నిషేధించింది. నమ్మకం పేరుతో జరిగే హింసను నమ్మకం కాపాడకూడదు.

రెండింటి మధ్యలో గుజరాత్ ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో నడిచిన దవా, దువా కార్యక్రమం ఉంది. ప్రార్థన ప్రార్థనే, మందు మందే. దర్గా సేవకులైన ముజావర్లు రోగిని గుర్తించి అక్కడే ఉన్న వైద్యుడి దగ్గరకు పంపుతారు. ఘనా, నైజీరియాలలో ఓయె గురేజే బృందం చేసి 2020లో లాన్సెట్‌లో ప్రచురించిన ప్రయోగంలో, సంప్రదాయ వైద్యులూ ప్రాథమిక కేంద్రాల సిబ్బందీ కలిసి చూసిన రోగులకు మామూలు సంరక్షణ కంటే మెరుగు కనిపించింది. అంటే కలిసి పనిచేయడం కేవలం మర్యాద కోసం కాదు, ఫలితం కోసం కూడా. అయినా మన సదస్సుల కార్యక్రమ పత్రంలో, పూజారితో ఎలా మాట్లాడాలి, 41 రోజులూ మాత్ర మానకుండా ఎలా ఒప్పించాలి అన్న అంశం చూడటం అరుదు.

ఈ ప్రాంతం అడిగే సిలబస్

ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి. కొండగట్టు చుట్టూ ఉన్న ఈ నేల తనదైన పాఠ్యాంశం రాసుకుంటోంది.

సిరిసిల్ల మరమగ్గాన్ని అక్కడివాళ్లు సాంచ అంటారు. సాంచాల మీద పని పన్నెండు గంటలు. రాత్రి షిఫ్టు మామూలు. వైద్యుడు చీటీ మీద రాత్రి పడుకునే ముందు అని రాసి మత్తు కలిగించే మాత్ర ఇస్తాడు. ఆ మనిషి రాత్రి పడుకోడు, తెల్లారాక పడుకుంటాడు. చీటీలో రాసినట్టే వేసుకుంటే తిరిగే సాంచాల మధ్య కళ్లు మూతలు పడతాయి. వేసుకోకపోతే జబ్బు తిరగబెడుతుంది. ఆర్డర్లు లేక సాంచాలు ఆగిన రోజుల్లో నేతన్నల ఆత్మహత్యలతో సిరిసిల్ల పేరు వార్తల్లోకి ఎక్కింది. అక్కడ వైద్యుడికి కావలసిన మొదటి జ్ఞానం రోగి ఏ షిఫ్టులో ఉన్నాడని అడగడం.

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లు ఇంటికొకరు. రెండు నెలల సెలవు మీద వచ్చి, నిద్ర పట్టడం లేదని డాక్టరుకు చూపించుకొని, ఆరు నెలల మాత్రలు సంచిలో వేసుకొని విమానమెక్కుతారు. గల్ఫ్ దేశాల్లో ఇలాంటి చాలా మందులకు ముందస్తు అనుమతి, తగిన పత్రాలు ఉండాలి. లేకపోతే విమానాశ్రయం నుంచే జైలుకు. ఒక చీటీ రోగిని జైలుకు పంపగలదన్న సంగతి ఏ పాఠ్యపుస్తకంలో ఉంది? వెనక మిగిలిన భార్య బీడీలు చుడుతూ, అప్పుల లెక్క చూస్తూ, గుండెల దడ అని ఓపీకి వస్తుంది.

కల్తీ కల్లు సంగతి ఇంకా పెద్దది. కల్లులో డైజీపామ్, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేట్ కలపడం తెలంగాణలో పాత రోగం. 2015లో ప్రభుత్వం ఒక్కసారిగా కట్టడి చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ వైపు ఆసుపత్రులు వణుకు, ఫిట్స్, మతిభ్రమణంతో వచ్చిన జనంతో నిండిపోయాయి. ఆ మనుషులకు తాము రోజూ నిద్రమాత్రలు తాగుతున్నామని తెలియదు. తాము తాగింది కల్లే అనుకున్నారు. మద్యం మానేసినప్పుడు ఏమవుతుందో పుస్తకం చెబుతుంది. తెలియని మోతాదులో తెలియని మందు తాగి మానేసినప్పుడు ఏం చేయాలో చెప్పగలిగేవాళ్లు ఆ రోజుల్లో వార్డుల్లో నిలబడిన మన వైద్యులే. ఆ అనుభవం దేశానికి పాఠం కావలసింది.

భాష సంగతి వేరే చెప్పాలా? రంది పెట్టుకున్నడు అంటే అది దిగులా, ఆందోళనా, అప్పుల బాధా? పానం నిమ్మలం లేదన్న మాటను గుండె పరీక్షకు పంపాలా, మనసు గురించి అడగాలా? గాలి సోకిందన్న కుటుంబాన్ని కసిరితే ఆ కుటుంబం మళ్లీ రాదు. చేతబడి చేశాడన్న అనుమానం హత్యల దాకా పోయిన ప్రాంతమిది. అనుమానపు జబ్బును ముందే గుర్తించడం ఇక్కడ ప్రాణాలు కాపాడే పని.

ఇక అన్నిచోట్లా ఉన్నదే, ఇక్కడా తప్పనిది: పెళ్లయిన ఆడపిల్లకు వాల్‌ప్రోయేట్ రాసే ముందు గర్భం సంగతి అడగడం. ఆ మందు కడుపులో బిడ్డకు చేసే హాని గురించి బ్రిటన్ 2018లో కఠిన నిబంధనలు తెచ్చింది. మన 2017 చట్టంలో కూడా నేర్చుకోవలసింది చాలా ఉంది. రోగి ఇష్టానికి భిన్నంగా చేర్చుకుంటే ఏడు రోజుల్లో, ఆడమనిషి లేదా మైనరైతే మూడు రోజుల్లో, సమీక్షా బోర్డుకు తెలపాలి. మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా విద్యుత్ చికిత్స చేయకూడదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా కాక తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలి.

ఏది ఎక్కడ పనిచేస్తుంది

గంటల పద్ధతి చట్టం, కొత్త మందుల ప్రమాదాలు, వర్గీకరణ మార్పుల్లాంటి ఖచ్చితమైన సమాచారాన్ని చేరవేయడానికి సరిపోతుంది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ జబ్బుల వర్గీకరణ ఐసీడీ 11వ కూర్పును ఒక రోజు తరగతిలో చెప్పవచ్చు. పరీక్ష పద్ధతి అదే సమాచారం నిలిచిందో లేదో చూస్తుంది, కానీ ఒంటరి జిల్లా వైద్యుడి మెడ మీద కత్తిగా మారితే ఉన్న ఒక్కడూ హైదరాబాద్ వెళ్లిపోతాడు. కేసుల చర్చ ఆచరణను మారుస్తుంది, కాలాన్ని అడుగుతుంది. సమాజం నుంచి నేర్చుకోవడం రోగిని నిలుపుతుంది, అయితే దాన్ని కొలిచే కొలబద్ద ఇంకా తయారు కాలేదు. ఈ నాలుగూ ఒకదానికొకటి పోటీ అనుకోవడం వల్లే చర్చ ఇంత ముడిపడింది.

తేలనివి

క్రెడిట్ ఎవరు ఇవ్వాలన్నది తేలలేదు. రాష్ట్రాల మండళ్లు వేర్వేరు దారుల్లో ఉన్నాయి. ఆన్‌లైన్ గంటకు, ఎదురెదురు గంటకు విలువ ఒకటేనా అన్నది తేలలేదు. వైద్యుడు నేర్చుకున్నది రోగికి చేరిందో లేదో ఎవరు చూడాలన్నది అసలు మొదలే కాలేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది. అందులో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన దగ్గర ఎంత జబ్బు ఉందో తెలియకుండా మన వైద్యుడు ఏం నేర్చుకోవాలో నిర్ణయిస్తున్నాం.

ఒక విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్ల, కరీంనగర్‌లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. అవి పట్టాలిచ్చే చోట్లుగా మాత్రమే మిగలకూడదు. నెలకోసారి ఈ ప్రాంతంలోని మానసిక వైద్యులు, జిల్లా కార్యక్రమం సిబ్బంది, సిరిసిల్లలో నేతన్నలకు కౌన్సెలింగ్ చేసేవాళ్లు ఒక బల్ల చుట్టూ కూర్చొని ఆ నెల తమను తికమకపెట్టిన ముగ్గురు రోగుల గురించి మాట్లాడుకోవాలి. ఆ గంటలకు క్రెడిట్ ఇవ్వాలి. ఖర్చు ప్రభుత్వానిది కావాలి. ఏడాదికి ఒకసారి ఆ సమావేశం కొండగట్టు మీద, ఆలయ సిబ్బందితో కలిసి జరగాలి. మానసిక సహాయం కోసం ఉన్న 14416 టెలీమానస్ నంబర్ ఆ మెట్ల దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఇది వైద్య మండలికి, ఈ మూడు జిల్లాల కలెక్టర్లకు, దేవాదాయ శాఖకు చేస్తున్న విజ్ఞప్తి.

2017 చట్టం 31వ సెక్షన్ ప్రకారం, జనాభాకు తగినంత మంది మానసిక ఆరోగ్య నిపుణులు ఉండేలా అంతర్జాతీయ ప్రమాణాలను అందుకోవడానికి ప్రభుత్వాలకు పదేళ్ల గడువు ఉంది. చట్టం అమల్లోకి వచ్చింది 2018 మే 29న. ఆ గడువు 2028 మేతో తీరిపోతుంది.